కల్లమంతా పట్టిన అద్దం

ముందు ఆ ఫ్యాను కాస్త తగ్గించవే, నా మాట నాకే వినపడటం లేదు. ఆఁ, ఇప్పుడు రాసుకో. మా అక్క తుంటి ఎముక విరగ్గొట్టుకున్న ఏడాది సంగతి ఇది. అక్క అంటే మీ దర్శి పెద్దమ్మమ్మ. అది కూడా రాయి, చదివేవాళ్ళకి తెలియాలి కదా.

ఏటా మిరపకాయ కోతలు మొదలవగానే అక్క దర్శిలో బస్సెక్కి మన ఊరు వచ్చేసేది. ఎండబోసిన కాయల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరి పారెయ్యడానికి కూలీల ముఠా ఉంది, ఆమె చెయ్యాల్సిన పనేం లేదు. అయినా కల్లంలో తూర్పు మూల చిన్న పీట వేసుకుని, ముఠాలో ఆడవాళ్ళతో కబుర్లాడుతూ తనూ ఏరేది. ఘాటుకి మేమంతా తుమ్మి చస్తుంటే ఆమెకి ముక్కు కూడా ఎర్రబడేది కాదు.

ఆ ఏడు సరిగ్గా కోతల ముందు వాకిట్లో జారి పడింది. ఆపరేషన్ బాగానే అయింది. డాక్టరుగారు వాకర్ ఇచ్చి రోజూ నడవమన్నారు. ఆమె నడిస్తేగా! మంచం దిగమంటే, "దిగి ఎక్కడికెళ్ళాలి? కల్లానికా?" అనేది. వాకర్ మీద తువ్వాళ్ళు ఆరేసుకుంది. ఇలాగే పడుకుంటే ఇక నడక రాదని డాక్టరుగారు చెప్పారట. అది విన్న దగ్గర్నుంచీ నాకు అన్నం సహించలేదు.

వీడియో ఫోన్ చేసి కల్లం చూపించబోయాను. "ఆపవే తల్లీ! నువ్వు ఫోను తిప్పుతుంటే రంగులరాట్నం ఎక్కినట్టుంది. ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒక్క ముక్కలో చూపించు. నేను కూర్చుంటే ఎట్టా కనపడుద్దో అట్టా" అంది. పడిపోయాక ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

నా దగ్గర చిన్న కెమెరా ఉంది కదా, పెరుగన్నం డబ్బా అంత. దానికి జూమ్ లేదు, లెన్సు ఊడదు. దానికి కనపడిందే కనపడినట్టు. మన కల్లమేమో అడ్డంగా బారుగా ఉంటుంది. వెనక్కి జరుగుదామంటే వెనకాల సర్కారు తుమ్మ కంప. జరిగాను కూడా, చీర చిరిగింది. సరే, ముక్కలు ముక్కలుగా తీసి వరసగా పంపించాను. ముఠా మేస్త్రమ్మ ఏం చేసిందంటే, నేను కెమెరా తిప్పిన వైపల్లా గంప పట్టుకుని నడిచింది. అన్ని ఫొటోల్లోనూ ఆమే.

అక్క ఫోన్ చేసి, "ఏమే, మేస్త్రమ్మకి ఇంతమంది కవలలెప్పుడు పుట్టారు? కల్లం కంటే ఆమే ఎక్కువుంది" అంది. నవ్వలేదు. నవ్వకుండా అంది, అదే నాకు బాధ.

అప్పుడు నువ్వు కాలేజీ నుంచి వచ్చావు. "అమ్మమ్మా, కెమెరా మార్చక్కర్లేదు, దాని కంటికి కళ్ళజోడు పెడదాం" అన్నావు. గుర్తుందా? తెప్పించావు. వైడ్ కన్వర్టర్ అన్నావు, కెమెరాకి ఎక్కువ వెడల్పు కనపడేలా చేసే అద్దమట. నిమ్మకాయ సైజు వస్తుందనుకుంటే పచ్చడి జాడీ మూతంత ఉంది, రోకలిబండలా బరువు. కెమెరా ముందున్న రింగు ఊడదీసి, అక్కడ ఓ గొట్టం బిగించి, ఆ గొట్టానికి ఈ అద్దం బిగించాలి. గొట్టం లేకుండా బిగించబోతే నా చెయ్యి మీద కొట్టావు, లోపలి లెన్సుకి తగులుతుందని. తగిలించానని కెమెరాలో కూడా చెప్పాలట, లేకపోతే దానికి తెలియదట. సొంత కంటికి కళ్ళజోడు పెడితే తెలియకపోవడమేంటో!

ఇప్పుడు అసలు సంగతి. నవ్వకు, నవ్వితే చెప్పను. నువ్వు మొహం కడుక్కోవడానికెళ్ళావు. కొత్త మోటారొచ్చినా, కొత్త కాటా వచ్చినా పసుపు రాసి బొట్టు పెట్టనిదే మన ఇంట్లో వాడతామా? అంచుకి పెడదామంటే సన్నగా, నున్నగా ఉండి కుంకుమ నిలవలేదు. అద్దం మధ్యలో పెడితే అడ్డమొస్తుందని, తెలివిగా పైన ఓ పక్కన పెట్టాను. చిన్నదే. కెమెరా లెన్సు మీద దుమ్ము పడితే ఎప్పుడన్నా ఫొటోలో కనపడిందా? ఇదీ అంతేలే అనుకున్నా.

కల్లంలో మిట్ట మధ్యాహ్నం. ఎండకి కెమెరా వెనక తెరలో నా మొహం తప్ప ఏం కనపడలేదు. వంకర పోకుండా నిటారుగా పట్టుకోమన్నావు, పట్టుకున్నా. ముఠా అంతా కాయల వెనక నిలబడ్డారు. మేస్త్రమ్మని, "ఈసారి కదిలావంటే చూడు" అన్నాను.

"కదల్లేదమ్మగారూ, ఊపిరి కూడా తియ్యట్లేదు! తొందరగా తియ్యండి" అంది.

తీశాను. సాయంత్రానికల్లా కాయలు టిక్కీలకి, అదే గోతాలకి, ఎత్తేశారు, తెల్లారి మిర్చి యార్డుకి లోడు. అంతా అయిపోయాక నువ్వు ఫొటోని కంప్యూటర్లో పెట్టి, "అమ్మమ్మా, ఆకాశంలో ఈ ఎర్ర మరకేంటి?" అన్నావు.

అంత వెడల్పు చూసే అద్దం, దాని ముక్కు మీదున్నదాన్ని కూడా చూస్తుందట! కల్లం మొత్తం వచ్చింది, ఈ కొస నుంచి ఆ కొసకి. దాని మీద నా బొట్టు, పిండిగిన్నెంత. మళ్ళీ తీద్దామంటే కల్లం ఖాళీ. నువ్వు చెరిపేస్తానన్నావు. "చెరిపితే ఇంకేం పాడవుద్దో, ఉండనీ" అని గుంటూరులో పెద్దగా ప్రింటు తీయించి, అలాగే దర్శి పట్టుకెళ్ళాను. బస్సులో దారంతా ఏం చెప్పాలా అనే ఆలోచన.

అక్క ఫొటోని పొట్ట మీద పెట్టుకుని చాలాసేపు చూసింది. ముందు మరక మీద వేలు పెట్టింది.

"నడినెత్తిన సూర్యుడు ఇంత ఎర్రగా ఉంటాడేందే?"

నా చెయ్యి నా నుదుటి బొట్టు మీదకి పోయింది.

"బొట్టెట్టావా? కెమెరాకి? నీ మొహం మండ!" అని నవ్వింది చూడు, మంచం కిర్రుకిర్రుమంది. ఆసుపత్రి నుంచి వచ్చాక అదే మొదటి నవ్వని కోడలు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. తర్వాత చివర్న నిలబడ్డ మేస్త్రమ్మని చూసి మళ్ళీ నవ్వింది. ఆ అద్దం అంచున ఉన్నవాళ్ళని పక్కకి సాగదీస్తుంది కదా. "కోతలకొచ్చి గుమ్మడికాయ అయిందే ఇది!"

ఉన్నట్టుండి ఆగిపోయింది. ఫొటోని కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది.

"ఇది నా పీట కదూ?"

నేనూ వంగి చూశాను. తూర్పు మూల, ఫొటో చిట్టచివర, పీట. దాని ముందు ఏరని కాయలు కొంచెం, పక్కన ఖాళీ గంప. ఒట్టు, తీసేటప్పుడు నేను చూడలేదు. ముక్కల ఫొటోల్లో ఆ మూలకి మేస్త్రమ్మ గంప అడ్డమొచ్చింది, ఆ అద్దం లేకపోతే ఇప్పుడూ వచ్చేదే కాదు. అక్కడికక్కడే మేస్త్రమ్మకి ఫోన్ చేశాను.

"ఆమె పీట మీద మేమెవరం కూర్చుంటామమ్మా? కోతలైందాకా రోజూ అక్కడ నాలుగు కాయలు పోసి పెట్టేవాళ్ళం, వచ్చినప్పుడు వస్తుందని" అంది. స్పీకర్లో పెట్టాను, అక్క వింది.

కళ్ళు తుడుచుకుంటుందేమో అనుకున్నా. మా అక్క అట్టాంటిదా! "వచ్చినప్పుడేందే? పీట అటు తిప్పి వేశారేంది? అట్టా వేస్తే పొద్దుటెండ మొహాన కొట్టదూ? మీకు ఒక్క పనీ రాదు" అని ఫోనులో అరిచి, "ఆ తువ్వాళ్ళు తియ్యి" అంది నాతో.

తీశాను. వాకర్ దగ్గరికి జరిపాను. వసారా దాకా వెళ్ళి పీట ఎట్టా వెయ్యాలో నిలబడి చూపిస్తానంది. గడప దాకా వెళ్ళేసరికి ఆయాసమొచ్చింది, అక్కడే కుర్చీ వేశాం. పీట ఎటు తిప్పాలో ఆ కుర్చీలోంచే చేత్తో చూపించింది.

ఇప్పుడు వాళ్ళ వీధి చివర పాలకేంద్రం దాకా నడుస్తోంది, కర్రతో. మన నారుమడి మొలకెత్తిందని నిన్న చెప్పాను. "పీట తిప్పించావా లేదా?" అనడిగింది. ఇంకా కాయే లేదు, పీట అట!

ఆ అద్దాన్ని తుడిచి పెట్టాను, ఈసారికి కావాలి. అక్కని మధ్యలో కూర్చోబెట్టి తియ్యవే, అంచున పెడితే సాగుతుంది, నన్ను చంపేస్తుంది. బొట్టు దాని డబ్బాకి పెడతాలే.