మంచు కోసం తెరిచిన పైకప్పు

2023లో నేను దుబాయ్ అల్ ఖూజ్‌లోని ఒక వర్క్‌షాప్‌లో మోడల్ మేకర్‌ని. కట్టబోయే విల్లాలకు చిన్న నమూనాలు చేసి గాజు పెట్టెల్లో పెట్టి ఇచ్చేవాళ్ళం. ఆ ఏడు ఎలిఫ్ అనే టర్కీ ఆవిడ వచ్చి, ముట్టుకోవడానికే ఒక నమూనా కావాలంది.

"మా నాన్నకి చూపు పోయింది. అప్పటినుంచీ మాటలు బాగా తగ్గిపోయాయి. ఈ ఫొటోల్లోది ఆయన చిన్నప్పుడు నమాజు చేసిన మసీదు."

తాకి తెలుసుకునే నమూనాను టాక్టైల్ మోడల్ అంటారు. అంచులు గుచ్చుకోకూడదు, నొక్కితే విరగకూడదు. ఆ మసీదు పదమూడో శతాబ్దంలో సెల్జుక్ సుల్తానుల కాలం నాటిది. బయట రాతి గోడలు, లోపల దేవదారు స్తంభాల వరసలు. స్తంభాల తలల మీద తేనెపట్టులా అంచెలంచెలుగా చెక్కిన ముఖర్నస్ పని. వాటిని మా వడ్రంగి, జగిత్యాల మల్లేశన్న చేత్తో చెక్కాడు. చేయి లోపలికి పోయేలా ఒక పక్క గోడ తెరిచి ఉంచాం.

ఎలిఫ్ వాళ్ళ నాన్న హసన్ గారు సరిచూడడానికి వచ్చారు. రాతి ద్వారం తడిమి నవ్వారు. పైకప్పు నడిమికి వచ్చేసరికి చేయి ఆగిపోయింది. టర్కీ భాషలో గబగబా ఏదో చెప్పి, మొహం తిప్పుకున్నారు.

"తన మసీదు కాదంటున్నారు," అంది ఎలిఫ్. "అక్కడ కప్పు తెరిచి ఉండేదట. చలికాలం కప్పు మీది మంచుని అందులోంచి కింద గుంటలోకి తోసేవాళ్ళట. ఆ తేమకి స్తంభాలు పగలకుండా ఉండేవట. వాళ్ళ నాన్నతో కలిసి తనూ తోశారట."

ఇప్పుడక్కడ గాజు బిగించారు. మేం ఫొటోల ప్రకారం మూసేశాం.

మా ముదీర్, అంటే మేనేజర్, ఒప్పుకోలేదు. "డ్రాయింగ్ ప్రకారమే ఉంది. ఖలాస్. కోస్తే మొత్తం పగులుతుంది."

"నేను కోస్త సాబ్, పగలనియ్య," అన్నాడు మల్లేశన్న. తర్వాత నాతో, "పెద్దమనిషి ముఖం చిన్నగ జేస్కున్నడు మేడమ్. గట్లనే ఎట్ల పంపుతం?" అన్నాడు.

చివరికి ముదీర్ సరేనన్నాడు. నేను నమూనాను కదలకుండా పట్టుకున్నాను. అతను సన్న రంపంతో మెల్లగా కోశాడు. పగల్లేదు. కింద గుంట కూడా తవ్వాం.

హసన్ గారు మళ్ళీ వచ్చిన రోజు మల్లేశన్న పక్క జ్యూస్ షాపు నుంచి నూరిన ఐసు తెచ్చాడు. ఆయన చిటికెడు తీసుకుని కప్పులోంచి జారవిడిచి, రెండో చేత్తో గుంటలో వెతికారు. చల్లగా తగలగానే పెద్దగా నవ్వేశారు. ఇక మాటలు ఆగలేదు. ఎలిఫ్ వాటి అర్థం మాకు చెప్పడం మరిచిపోయి, కళ్ళు తుడుచుకుంటూ వింటూ ఉండిపోయింది. వెళ్ళేముందు ఆయన మల్లేశన్న చేతులు వెతికి పట్టుకుని నుదుటికి ఆనించుకున్నారు.

"అయ్యో, మీరు పెద్దోళ్ళు సాబ్, గట్ల జెయ్యొద్దు," అంటూ మల్లేశన్న తడబడ్డాడు.

ఇప్పుడు ఏ పాత కట్టడం పని వచ్చినా, ముందు అక్కడ తిరిగిన మనిషి కోసం వాకబు చేస్తాను. ఏటేటా ఎవరో కప్పెక్కి మంచు తోశారు కాబట్టే ఆ దేవదారు ఇన్నాళ్ళు నిలిచిందని హసన్ గారు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. ఆయన మాట విని రంపం అందుకున్న మల్లేశన్న పక్కన పనిచేయడం నా అదృష్టం.