బ్యూటీ మోడ్‌లో మానిన గాయం

మనిషికి మనిషి ఎదురుపడడమే నేరమైన ఆ కరోనా రోజుల్లో నేను బెంగళూరులోని ఒక ఆస్పత్రిలో, సర్జరీ విభాగంలో అందరికన్నా చిన్న డాక్టర్ని. చిన్నవాణ్ణి గనుక నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. (ఆ జబ్బుకు మందు లేదు, వయసు మీద పడితే తగ్గుతుంది.) రోగుల్ని రప్పించకండి, వీడియోలో చూడండి అని పైనుంచి ఆర్డరు రాగానే మా సర్జన్లంతా పెళ్లికి పిలిచి భోజనం ఫొటో చూపించినట్టు మొహాలు పెట్టారు. "మాటలతో వైద్యం చేసేటోళ్లకి సరే. కడుపు ముట్టుకోకుండా మనమేం చూసేదప్పా?" అన్నారు మా పెద్దాయన. చాటున ఆయన్ని కత్తిసారు అనేవాళ్లం. ఇంకొకాయన వీడియో కాల్‌కు ముందు కూడా మోచేతులదాకా చేతులు కడుక్కునేవారు. ఇలాంటి పాతకాలపువాళ్ల మధ్య భవిష్యత్తును భుజాన మోస్తున్న వీరుణ్ణి నేనొక్కణ్ణే గనుక ఆ కాల్సన్నీ నా నెత్తిన పడ్డాయి.

నా ఘనవిజయం బెంగళూరు పక్కనున్న హొసకోటె టైలరు. అరవై దాటిన మనిషి. బొడ్డు దగ్గర హెర్నియా బిగుసుకుపోతే అర్జెంటుగా ఆపరేషన్ చేసి, మూడో రోజే ఇంటికి పంపేశాం. రోజూ పదకొండింటికి నేను కాల్ చేస్తే కూతురు ఫోన్ పట్టుకునేది, ఆయన చొక్కా పైకెత్తేవాడు. కుట్ల చుట్టూ చర్మం పసిపిల్లల బుగ్గలా నిగనిగలాడేది. అంత అందమైన గాయాన్ని నేను పుస్తకాల్లో కూడా చూడలేదు. "కొంచెం మంటగా ఉండాదప్పా" అని ఆయనంటే, "నాకు కనిపిస్తూనే ఉంది, బ్రహ్మాండంగా మానుతోంది" అని నేనే ఆయనకు నచ్చజెప్పేవాణ్ణి. ఆరో రోజు ఉండబట్టలేక ఫోన్ తీసుకెళ్లి కత్తిసారు మొహం ముందు పెట్టాను.

ఆయన గాయం వంక చూడనేలేదు. "ఏమమ్మా, వాసనేమన్నా వస్తా ఉండాదా?" అని కూతుర్ని అడిగారు.

"నిన్నట్నించి వస్తా ఉండాది సార్. జ్వరం కూడా ఉండాది. ఈ సార్ చూస్తానే బాగుందంటా ఉంటే మేమేం చెప్పేది?"

పోలీసుల దగ్గర పాసు తెచ్చుకుని ఆ సాయంత్రానికి వాళ్లు ఆస్పత్రి చేరారు. మామూలు వెలుతురులో ఆ గాయం ఎర్రగా కందిపోయి, ఉబ్బి ఉంది. నేను నోరు తెరిచి ఫోన్ వైపు చూస్తుంటే కూతురు మెల్లగా చెప్పింది. "చర్మం నున్నగా చూపిస్తుందే కెమెరాలో, ఆ బ్యూటీ మోడ్ పెట్టినా సార్. డాక్టరు చూస్తాడు గదా, నాయన బాగా కనపడాలని."

కుట్లు విప్పితే గిన్నెడు చీము. ఇంకో రెండు రోజులు నేను అలాగే మెచ్చుకుంటూ కూర్చుంటే ఆయన బతికేవాడు కాదేమో. ఆ మాట కత్తిసారు అనలేదు గానీ నాకు తెలుసు. ఆయన తిట్టలేదు కూడా. "రోజూ కట్టు నువ్వే మార్చు" అన్నారంతే. మిగతా సర్జన్లు మాత్రం వారం రోజులపాటు కాఫీ తాగుతూ నా గాయం కథే చెప్పుకుని కొత్త బలం పుంజుకున్నారు.

ఇంటికి వెళ్లే రోజు టైలరుకు క్షమాపణ చెప్పాను.

"పోనీలేప్పా" అన్నాడాయన. "ఆస్పత్రికి పోయొచ్చినోడని మా వీధిలో ఒక్కడూ నా మొగం చూడలేదు. నువ్వు చూస్తావని రోజూ గడ్డం గీసుకొని కూర్చుంటా ఉంటిని."

ఇప్పుడు నా కింద కుర్రడాక్టర్లున్నారు. ముట్టుకోకుండా ఏం చూశావని వాళ్లమీద ఎగురుతుంటాను. నా గదికొచ్చిన ప్రతి గాయాన్నీ నొక్కి, వాసన చూసి మరీ పంపిస్తాను. ఆ రోగుల్లో గడ్డం గీసుకుని వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారేమో, తలెత్తి చూడలేదు.