తెరవకుండా మూసిన పేజీ

2000 సంవత్సరంలో సింగపూర్ సైన్స్ పార్క్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో రివ్యూయర్‌గా చేరాను. బడుల్లో తెరవకూడని వెబ్‌సైట్ల జాబితా తయారుచేయడం మా పని. అనుమానం ఉన్న చిరునామాలను కంప్యూటర్ ఏరి ఇస్తుంది. రివ్యూయర్ పేజీ తెరిచి, ‘చూశాను’ అన్న గడిలో టిక్కు పెట్టి, అది ఏ రకమో రాయాలి. సీనియర్ రివ్యూయర్ సంతకం చేశాక శుక్రవారం జాబితా బడులకు వెళ్తుంది.

అశ్లీల చిత్రాల విభాగంలో ఆడవాళ్ళకు ఒక మర్యాద ఉండేది. అలాంటి చిత్రాల నటీనటుల పట్టీలో ఆ పేజీ మనిషి పేరు కనిపిస్తే చాలు, పేజీ తెరవనక్కర్లేదు. టిక్కు మాత్రం పెట్టేవాళ్ళం. ఆ మర్యాద నాకూ హాయిగానే ఉండేది.

ఒక సోమవారం ఒకావిడ నుంచి ఈమెయిల్ వచ్చింది. ఒకప్పుడు అలాంటి చిత్రాల్లో నటించానని, ఇప్పుడు మట్టిపాత్రలు చేస్తున్నానని రాసింది. శనివారం సింగపూర్‌లో ఆమె మొదటి ప్రదర్శన. పిల్లలను తీసుకొస్తామన్న టీచర్లకు ఆమె పేజీ బదులు ‘అశ్లీలం’ అన్న హెచ్చరిక కనిపించిందట. శుక్రవారంలోగా అది తొలగకపోతే ప్రదర్శన రద్దేనని గ్యాలరీవాళ్ళు చెప్పేశారు. ఒక్కసారి తెరిచి చూడమని ఆమె అడిగింది. రికార్డు తీస్తే టిక్కు నాదే.

తెరిచాను. అన్నీ పాత్రలే. బూడిదతో చేసిన పూతలు, పాత్రలు కాల్చే ఆవంలో వేడి ఎంత ఉండాలి, పగిలిన ప్రతి పాత్ర ఫొటో కింద అది ఎందుకు పగిలిందో ఒక వాక్యం. మా తప్పుల రిజిస్టరులో అంత నిజాయితీ లేదు. మధ్యాహ్నం తిండి మానేసి చదివాను.

మా సీనియర్ అప్పన్నగారు మలేషియాలో పుట్టిన తెలుగాయన, అక్కడివాళ్ళలాగే మాట చివర ‘లా’ తగిలిస్తారు. “పేరు లిస్టులో ఉంది లా. మల్లీ సూడ్డం ఏటమ్మా?” అన్నారు.

“మళ్ళీ కాదంకుల్, అసలు చూడనే లేదు మనం,” అన్నాను.

తిలాపాపం తలా పిడికెడు. నా టిక్కుంది, ఆయన సంతకముంది, చూసిన కళ్ళు లేవు. పేజీని జాబితా నుంచి తీయాలంటే కారణం రాయాలి. సింగపూర్‌లో ఉద్యోగం చేయడానికి ఉండాల్సిన నా ఎంప్లాయ్‌మెంట్ పాస్ రెన్యువల్ ఆ నెలలోనే. భయమేసింది. అయినా ‘తెరవకుండా టిక్కు పెట్టాను’ అని రాసిచ్చాను. అప్పన్నగారు అది చదివి, ఆ పేజీ తెరిచి చాలాసేపు చూశారు. తరువాత నా వాక్యం కింద ‘నేనూ చూడలేదు’ అని రాసి సంతకం పెట్టారు.

శుక్రవారం జాబితాలో ఆ పేజీ లేదు. శనివారం వెళ్తే గ్యాలరీ నిండా యూనిఫారం పిల్లలు. ప్రతి పాత్ర అడుగున, మా పట్టీలో ఉన్న ఆమె పాత పేరే చెక్కి ఉంది. పేరు మార్చుకుంటే సులువయ్యేది కదా అని ఆమెను అడిగాను. ఆ పనీ ఈ పనీ రెండూ తనే చేశానని చెప్పి, పగిలినవాటి గురించి ఎంతవరకు చదివారని నన్ను అడిగింది.

మా ఇద్దరికీ మెమో వచ్చింది. పాస్ మాత్రం రెన్యువల్ అయింది. ఆడవాళ్ళకిచ్చిన మర్యాద రద్దయింది, దాంతో తోటివాళ్ళు కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. రిటైరయ్యేదాకా ప్రతి పేజీ తెరిచే చూశాను. చాలావరకు మూయాల్సినవే. వాటినీ చూశాకే మూశాను.