గోడవైపు తిరిగిన సీసా

మా పిన్ని పోయింది. మంగళవారం పొద్దున ఆఫీసుకు బయల్దేరి సిడ్నీలో మా రౌస్ హిల్ స్టేషన్లో మెట్రో కోసం నిలబడి ఉంటే బాబాయ్ ఫోన్ చేసి, "మీ పిన్ని ఇక లేదమ్మా" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేశాడు. అక్కడే బెంచీ మీద కూలబడ్డాను. రెండు రైళ్లు వచ్చి వెళ్లిపోయాయి.

సాయంత్రానికల్లా మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో సంతాపాలు మొదలయ్యాయి. ఇక్కడ ఎప్పట్నుంచో స్థిరపడిన ఒక డాక్టరుగారు రాశారు: "వెరీ స్మార్ట్ లేడీ. డాట్‌కామ్ బూమ్‌లో ఆన్‌లైన్ వైన్ కంపెనీ పెట్టి, బూమ్ కుప్పకూలకముందే అమ్మేసుకుంది. టైమింగ్ అంటే ఆవిడదే." దాని కింద దండాలు, పువ్వులు, పైకెత్తిన బొటనవేళ్లు. చదివితే నాకు ఒళ్లు మండిపోయింది. ఇంకా మండుతూనే ఉంది, అందుకే ఇది రాస్తున్నాను. ఆ స్మార్ట్ అనే మాట పిన్ని బతికుండగా ఆవిడ ఎదురుగా అని ఉంటే, అన్నవాళ్లని మళ్లీ గుమ్మం ఎక్కనిచ్చేది కాదు.

పిన్ని తెనాలిలో కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేది. 2000 సంవత్సరం తేదీలకి కంప్యూటర్లు తికమకపడకుండా సరిచేసే వైటూకే పనికి ప్రోగ్రామర్ల కోసం అందరూ వెతుకుతున్న రోజుల్లో బాబాయ్‌కి సిడ్నీలో ఉద్యోగం వచ్చింది. వెంట వచ్చిన పిన్ని చదువుని ఇక్కడ ఎవరూ ఖాతరు చేయలేదు. చివరికి ఒక లిక్కర్ షాపులో ఫోన్ మీద ఆర్డర్లు రాసుకునే పని దొరికింది. అప్పుడప్పుడూ మనవాళ్లెవరో ఫోన్ చేసి బిర్యానీలోకి ఏ వైన్ బావుంటుందని అడిగేవాళ్లు. చీజ్‌లోకి ఏది, చేపలోకి ఏది అన్నది షాపులో అందరికీ తెలుసు. గోంగూర మాంసంలోకి ఏదంటే మొహమొహాలు చూసుకునేవాళ్లు.

పిన్నిని ఆ ప్రశ్న పట్టుకుంది. ఆదివారం వస్తే బాబాయ్‌ని కారెక్కించి ద్రాక్షతోటలు తిరగడమే. ఒళ్లో స్టీలు డబ్బా, అందులో గుత్తివంకాయ కూర. ఒక ముద్ద తినడం, ఒక గుక్క నోట్లో పోసుకుని పుక్కిలించి ఉమ్మేయడం. ఆవిడ జన్మలో గొంతు దిగనిచ్చిన వైన్ ఒక గ్లాసుకి మించదని నా నమ్మకం. అలా తిరిగి తిరిగి, నగరానికి పడమట కొండలు దాటాక, ఎప్పుడో ఇటలీ నుంచి వలస వచ్చిన ముసలి దంపతుల తోటలో ఆగింది. ఆ ముసలావిడ వంకాయ తిని చెమటలు కక్కుతూనే ఇంకోటి వేయమంది. వాళ్ల వైన్ రుచి చూసి పిన్ని, "కారం తిన్న నోటికి పెరుగన్నం తిన్నట్టుందే" అని నాకు ఫోన్ చేసి చెప్పింది.

నేనూ వైటూకే పనికే వచ్చాను. మా ప్రాజెక్టు అనుకున్నదానికంటే ముందే అయిపోయి, అందరినీ ఇంటికి పంపేశారు. పిన్ని ఇంట్లో ఖాళీగా కూర్చున్న నన్ను, "ఊరికే తిని పడుకుంటావా, నాకో వెబ్‌సైట్ చెయ్యవే" అని గదిమింది. చేశాను. ఏ కూర మీద నొక్కితే దానికి తగిన సీసా వచ్చేది, పక్కన పిన్ని మాటల్లోనే నాలుగు వాక్యాలు. బ్రాండ్ పేరు 'తోడు'. లేబుల్ మీద ఆ రెండక్షరాలు తన చేత్తోనే రాసింది, 'డ'కి కాస్త పొట్ట ఎక్కువ. లోపల వైన్ ఆ ముసలివాళ్లది. గరాజ్ నిండా అట్టపెట్టెలు.

ఇదే డాక్టరుగారింట్లో వినాయక చవితికి పిన్ని పట్టుకెళ్లిన ఉండ్రాళ్ల గిన్నె మూత కూడా తీయకుండా తిరిగిచ్చారు. మందమ్ముకునే చేతులు కదా. పిన్ని వ్యాపారాన్ని ఒక కార్పొరేషన్ కొన్నాక మాత్రం ఉగాది సభలో స్టేజీ ఎక్కించి శాలువా కప్పారు. అది కప్పినవారూ ఆయనే.

ఆ కార్పొరేషన్ సంగతి చెప్పాలి. అదొక పెద్ద లిక్కర్ కంపెనీ. దాని మేనేజరు పిన్ని ఇంటికొచ్చాడు. చేత్తోనే తింటానని పట్టుబట్టి పప్పు, పులిహోర తిన్నాడు. మజ్జిగ మళ్లీ అడిగి పోయించుకున్నాడు. "మీ ముసలివాళ్ల ద్రాక్ష ఎంత పండితే అంతా మేమే కొంటాం, ఆ వైన్ దేశంలో మా ప్రతి షాపులోనూ ఉంటుంది" అన్నాడు, గుండె మీద చెయ్యి వేసుకుని. పిన్ని అమ్మింది అందుకే. "గరాజ్‌లోంచి నేనెంతమందికి పంపగలను? వీళ్లయితే వాళ్ల పంటకి ఇక బెంగుండదు" అంది.

"పిన్నీ, ఆ మాట కాంట్రాక్టులో రాయించు" అన్నాను.

"ఇంటికొచ్చి అన్నం తిన్నవాణ్ణి కాగితం మీద రాసివ్వమని ఎలా అడుగుతామే? సిగ్గుండదూ?"

అంతటితో ఊరుకోలేదు. ముసలాయనకి ఫోన్ చేసి, వేరేవాళ్లెవరికీ పంట ఒప్పుకోవద్దని చెప్పింది. ఆవిడ మాట నమ్మి ఆయన ఎన్నాళ్లనుంచో కొంటున్న వ్యాపారిని కూడా కాదనుకున్నాడు.

కోతల కాలం వచ్చింది. కొత్త 'తోడు' షాపుల్లోకి దిగిందని పిన్ని ఒక సీసా కొనుక్కొచ్చింది. ఒక గుక్క పోసుకుని సింకులో ఉమ్మేసింది. ఈసారి అది రుచి చూసే ఉమ్ము కాదు. లోపల ఉన్నది వాళ్ల వైన్ కాదు, ఎక్కడో ట్యాంకర్లతో కొన్న ఏదో నీళ్లు. అప్పటికప్పుడు ముగ్గురం కారెక్కి తోటకి వెళ్లాం. కొనేవాళ్లు రాక తీగల మీదే గుత్తులు మగ్గిపోయి ఉన్నాయి, పిట్టలు పొడుస్తున్నాయి, పుల్లటి వాసన. ముసలాయన గేటు దగ్గరే ఎదురొచ్చి, "నో వర్రీస్, లవ్" అని, బెంగపెట్టుకోకు తల్లీ అన్నట్టు పిన్ని భుజం తట్టాడు. ఆయన తిట్టి ఉంటే బావుండేది.

తిరుగుదారిలో పిన్ని ఆ మేనేజరుకి ఫోన్ చేసింది. ఇది బిజినెస్ డెసిషన్, పర్సనల్‌గా తీసుకోవద్దు అని వాడు ఏదో చెబుతున్నాడు. పిన్ని అంతా విని, "యూ ఏట్ ఇన్ మై హౌస్" అంది. వాడు "సారీ?" అన్నాడు. నిజంగానే వాడికి అర్థం కాలేదు. పిన్ని ఫోన్ పెట్టేసింది.

పిన్ని కొన్నేళ్లపాటు వైన్ వ్యాపారం చేయకూడదని మాత్రం కాంట్రాక్టులో స్పష్టంగా రాసి ఉంది. అది రాయించుకోవడానికి వాళ్లకేం సిగ్గు వేయలేదు. ముసలివాళ్లు తోట అమ్మేసి, క్యాన్‌బెరాలో గంగాలిన్‌లో ఉన్న కూతురింటికి చేరారు. వాళ్లు బతికున్నన్నాళ్లూ పిన్ని ఏటా దీపావళికి గుత్తివంకాయ డబ్బా పట్టుకుని వెళ్లొచ్చేది. డబ్బు తీసుకుంది కదా అంటారా? తీసుకుంది, ఇల్లు కొంది. ఆ ఇంట్లో అతిథులకి లోటేమీ చేయలేదు. కానీ "ఇంకాస్త మజ్జిగ పోయనా" అని ఎవర్నీ అడగ్గా నేను వినలేదు. అంతకుముందు ఆ మాట అనకుండా ఒక్కరినీ విస్తరి ముందు నుంచి లేవనిచ్చేది కాదు.

ఆ బ్రాండ్ ఇంకా ఉంది. మందు అమ్మే బాటిల్ షాపుల్లో అడుగు వరసలో, చవక సీసాల మధ్య, పిన్ని చేతిరాతతోనే. కూరగాయలకి వెళ్లినప్పుడల్లా పిన్ని పక్కనున్న బాటిల్ షాపులోకి దూరేది. మోకాళ్ల మీద కూర్చుని ఆ సీసాలన్నీ లేబుల్ గోడవైపుకి తిప్పేది. షాపువాళ్లు మళ్లీ ఇటు తిప్పుకునేవాళ్లు, మళ్లీ వారం మళ్లీ తిప్పేది. బాబాయ్‌కి అది తలవంపుగా ఉండేది. ట్రాలీ పట్టుకుని బయటే నిలబడేవాడు, ఎవరైనా పలకరిస్తే ఆవిడ టాయిలెట్‌కి వెళ్లిందని చెప్పేవాడు.

ఆ కోపం వదిలేయమని పిన్నికి చెప్పనివాళ్లు లేరు. మెడిటేషన్ చేయమన్నారు, క్షమిస్తే మనసుకి హాయన్నారు. ఒకసారి నేనూ విసుగొచ్చి, "ఇరవయ్యేళ్లయింది, ఎందుకు పిన్నీ" అన్నాను. "నాక్కూడా కోపం పోతే, ఇక ఆ ముసలాళ్ల తరఫున ఎవరున్నట్టే?" అంది. నాకు పిన్ని నేర్పినవి చాలా ఉన్నాయి, వైన్ సంగతులు, వంకాయ కూర, ఈ దేశంలో తలెత్తుకుని మాట్లాడటం. అన్నిటికంటే ఆ కోపానికే నేను రుణపడి ఉన్నాను. చల్లారనివ్వకుండా దాన్ని అన్నేళ్లు కాపాడుకోవడం తేలిక కాదు.

శనివారం పిన్ని ఇంట్లో అందరం కూర్చున్నాం. హాల్లో గోడ పక్కన బల్ల మీద ఫోటో, దండ, దీపం. డాక్టరుగారు వచ్చారు. సంచిలోంచి 'తోడు' సీసా తీసి, "ఆవిడ క్రియేట్ చేసిన బ్రాండ్ కదమ్మా, రెస్పెక్ట్‌గా ఉంటుందని" అంటూ లేబుల్ అందరికీ కనబడేలా ఫోటో పక్కన నిలబెట్టారు. నా నోటిదాకా ఏదేదో వచ్చింది. లేవబోయాను.

నాకంటే ముందు బాబాయ్ మోకాళ్లు పట్టుకుని లేచాడు. మెల్లిగా బల్ల దగ్గరికి నడిచాడు. అందరూ చూస్తుండగా సీసా మెడ పట్టుకుని లేబుల్‌ని గోడవైపుకి తిప్పాడు. "ఆవిడకి ఇలా ఉంటేనే నచ్చుతుందండీ డాక్టరుగారూ" అన్నాడు.

వచ్చి మళ్లీ తన కుర్చీలో కూర్చున్నాడు. బల్ల మీద పిన్ని ఫోటో మనకేసి చూస్తోంది. దాని పక్కన, వీపు మనవైపు పెట్టి, సీసా గోడకేసి చూస్తోంది.