ఒక మేకపోతుకి రెండు కాలర్లు

1959వ సంవత్సరం, ఎండలు ముదిరే రోజులు, గురువారం, పొద్దున ఎనిమిదిన్నర. జగ్గయ్యపేట బస్సు అప్పుడే హారన్ కొట్టుకుంటూ పోయింది కాబట్టి టైము విషయంలో నాకు అనుమానం లేదు. మిగతా విషయాల్లో ఇప్పటికీ ఉంది.

నందిగామలో మా పేట చివరి ఇల్లు మాది. ఇల్లే నా షాపు. వాకిట్లో వేపచెట్టు కింద చాప, చాప మీద నేను, నా ముందు ఆరె, రంపె. ఆరె అంటే తోలుకి చిల్లు పొడిచే సూది లాంటిది, రంపె అంటే తోలు కోసే కత్తి. ఎద్దుల మెడకి మువ్వల పట్టెడలు కుట్టటం మా ఇంట్లో తాతల నాటి పని. కుక్కలకి కాలర్ చెయ్యటం మాత్రం నాతోనే మొదలైంది. ఆస్పత్రి కాంపౌండరు రామ్మూర్తి గారు తెగిపోయిన సీమ కాలర్ ఒకటి తెచ్చి, "ఇలాంటిది చెయ్యగలవా మరియమ్మా?" అని అడిగారు. దాన్ని విప్పి చూసి, అంతకంటే గట్టిది చేసిచ్చా. ఆయన కుక్క టైగర్ ఆ కాలరేసుకుని ఊరంతా తిరిగింది. అదే నాకు బోర్డు. తర్వాత ఆఫీసర్ల కుక్కలు, పెద్దరైతుల కుక్కలు, ఒక వకీలు గారి కొండముచ్చు కూడా నా దగ్గరికొచ్చాయి.

కాలర్‌లో పని పైకి కనపడదు. పైన దున్నతోలు, లోపల లైనింగ్. లైనింగ్ అంటే మెడకి తగిలే మెత్తటి పొర. దానికి మేకతోలు వాడేదాన్ని. కుట్టు ముడులు, రివెట్ తలలు అన్నీ బయటికే ఉండాలి. బకిల్ బెజవాడ నుంచి తెప్పించేదాన్ని. బిగించాక లోపల రెండు వేళ్ళు దూరాలి. దూరకపోతే అది కాలర్ కాదు, ఉరి.

అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. నలభై దాటాక మా పేట రాత్రిబడిలో దిద్దుకున్నా. అందుకని అప్పట్లో కొలతలు దారంతో తీసుకునేదాన్ని. మెడ చుట్టూ దారం తిప్పి, ముడేసి, గోడకి కొట్టిన మేకుకి తగిలించటమే. ఆడవాళ్ళు తెచ్చిన దారానికి పసుపు రాసేదాన్ని, మగవాళ్ళది అలాగే ఉంచేదాన్ని. ఎవరి దారమో, ఎలాంటి పనో బుర్రలో ఉండేది.

ఆ గురువారానికి ముందు చందర్లపాడు వైపు పల్లె నుంచి తులశమ్మ అని ఒక రైతు ఇల్లాలు వచ్చింది. కొంగున కట్టుకొచ్చిన దారం ఇచ్చింది.

"మేకపోతుకి మరియమ్మా. మెత్తగా ఉండాలి. తాడుకి మెడ ఒరుసుకుంటుంది. బొచ్చు ఒక్కటి ఊడకూడదు."

లైనింగ్ చూపించా. వేలితో నొక్కి చూసి, "భలే మెత్తగుందే, ఏంటిది?" అంది.

"మేకతోలమ్మా."

చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది. "మేక మెడకి మేకతోలు కడతావటే! నీకు మనసెట్లా వచ్చింది?"

అప్పటిదాకా నాకా ఆలోచనే రాలేదు. సరేనని పాత ఉన్ని దుప్పటి ముక్క వేసి కుట్టి ఇస్తానని, గురువారం రమ్మన్నా.

ఆ తర్వాత సంతరోజున సాంబయ్య అని ఒక పెద్దాయన వచ్చాడు. ఒళ్ళు వడిలిపోయి ఉంది, ఏదో జబ్బు చేసి లేచినట్టున్నాడు. ఆయనా దారమే ఇచ్చాడు. ఏ జీవానికో చెప్పలేదు. లైనింగ్ వద్దన్నాడు. కుట్టు ముడులు లోపలికి పెట్టమన్నాడు.

"లోపలికి పెడితే ఒరుసుకుంటుందయ్యా" అన్నా.

"ఒరుసుకోనీ."

"పుండు పడద్ది."

"పడనీ."

నాకు ఒళ్ళు మండింది. ఇంత చేతకాని పని నేను చెయ్యనన్నా. ఆయన కోప్పడలేదు, కదలనూ లేదు. ఎండలో అలాగే నిలబడ్డాడు. ఏ పొగరుబోతు కుక్కో గొలుసు లాగి చంపుతున్నట్టుంది, దాన్ని లొంగదీయటానికేమో అనుకుని చివరికి ఒప్పుకుని, ఆయన్నీ గురువారమే రమ్మన్నా. మేకుకి రెండు దారాలూ పక్కపక్కనే వేలాడుతున్నాయి. రెండూ ఒకే పొడుగు. అదీ చూశా. అయితే ఏంటి, లోకంలో ఒకే కొలత మెడలు లేవా అనుకున్నా.

ఇక గురువారం సంగతి. కాంపౌండరు గారు టైగర్‌కి కొత్త బకిల్ వేయించుకుంటున్నారు. మా అత్త శాంతమ్మ గడపలో కూర్చుని ఆకు నములుతోంది. అప్పుడు సాంబయ్య వచ్చాడు, కుక్కతో కాదు, ఎర్రటి మేకపోతుతో. తాడు కూడా పట్టుకోలేదు. అదే ఆయన పంచె వాసన చూసుకుంటూ వెనకాల వస్తోంది. నేను నోరు తెరిచేలోపు దారి మలుపులో తులశమ్మ కనపడింది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని ఆగిపోయారు.

"ఏవయ్యా, బుడ్డోణ్ణి మేతకని గదా తోలుకెళ్ళావు?"

"నువ్వు మీ చెల్లెలింటికని గదా వచ్చావు?"

నేను రెండు కాలర్లూ తెచ్చి చాప మీద పెట్టా. "అమ్మా, ఇది నువ్వు చెప్పింది. అయ్యా, ఇది నువ్వు చెప్పింది. మేక మాత్రం ఒకటే వచ్చింది. ఎవరి మేకమ్మా ఇది?"

"ఎవరి మేకేంటే? మా మేక. ఆయన నా మొగుడు" అంటూ తులశమ్మ ఆయన చెప్పిన కాలర్ తీసి లోపల వేలు పెట్టింది. ముడులు గీరుకున్నాయి. "ఇదేంటే, ముళ్ళకంపలాగుంది! నీ చేతిపని ఇదా?"

"మీ ఆయన చెప్పిన పనమ్మా. నేను వద్దంటూనే చేశా."

ఆమె మొగుడి వంక చూసింది. ఆయన మేక వంక చూస్తూ చెప్పాడు. "పుండున్న పోతుని కొలుపులో అమ్మవారికి ఇవ్వరు గదా. వెనక్కి తోలేస్తారు."

అప్పటికి గాని నాకు తెలిసిరాలేదు. ఆ మేక ముత్యాలమ్మకి మొక్కుకున్న మేక. కొలుపు అంటే అమ్మవారి జాతర, అది దగ్గర పడింది. మచ్చ లేకుండా అమ్మవారి ముందుకి నడిపించాలని ఆమె, మచ్చ పెట్టి ఇంటికి తెచ్చుకోవాలని ఆయన.

నాకు కోపం ఆగలేదు. "అంటే మరియమ్మ కాలర్ మేక మెడ తినేసిందని ఊళ్ళన్నీ అనుకోవాలా? నీ మేక బతకటానికి నా పని చావాలా అయ్యా?"

"నీకు మాటొస్తే నాలుగు రోజులుండి పోద్ది. దాని తల తెగితే మళ్ళీ రాదు" అన్నాడు. అదీ నెమ్మదిగా.

తులశమ్మ అందుకుంది. "నీ గొంతులో మంచినీళ్ళు దిగని రోజున మొక్కుకున్నానయ్యా. పోతునిస్తా తల్లీ, నా మనిషిని నాకియ్యి అన్నా. ఇచ్చింది. ఇప్పుడు ఆమెకి పుండు చూపించి ఎగ్గొడతావా? రేపు ఆమె అడిగితే?"

"అడిగితే నన్నడుగుద్ది."

"నిన్ను అడగటమంటే ఏంటో తెలుసా? తీసుకుపోవటం!"

"నువ్వు పొలానికి పోతే రోజంతా నా మంచం కింద ఇదే పడుకునేది. నాకు ఊపిరాడక లేచి కూర్చుంటే ఇదీ లేచి నిలబడేది. దీన్ని కోసి పెడితే నేను బతికినట్టా?"

మా అత్త ఊరుకోలేదు. "పెళ్ళాం మొక్కి బతికించె, మేక పక్కన పడుకుని బతికించె. మరి ఆస్పత్రోళ్ళు ఏం చేశారంట?"

"సూదులు మేమే వేశామవ్వా. మా పేరెవరూ ఎత్తరు" అన్నారు కాంపౌండరు గారు. నాకు నవ్వొచ్చింది గాని, నవ్వే చోటు కాదని మింగేశా. టైగర్ మొరుగుతోంది. బుడ్డోడు దాన్ని లెక్కచెయ్యకుండా నేను నానబెట్టిన తోలుముక్క ఒకటి నోట కరుచుకుని నములుతున్నాడు.

తులశమ్మ కింద కూలబడింది. మా పేట వాకిట్లో రైతు కులాల ఆడవాళ్ళు కూర్చోవటం నేనెప్పుడూ చూడలేదు. మేకని దగ్గరికి లాక్కుని నోట్లోంచి తోలుముక్క పీకేసింది.

"తల్లి చస్తే సీసాతో పాలు పట్టింది నేను. పేరు పెట్టింది నేను. దీని మీద ప్రాణం నీ ఒక్కడికేనా?" అంది. ఆ మాట మొగుడితో అన్నట్టు లేదు, తనకి తనే చెప్పుకున్నట్టుంది.

తర్వాత ఆమె చేసిన పని చూసి నాకు మతిపోయింది. ముళ్ళకంపన్న కాలర్‌నే తీసి బుడ్డోడి మెడకి తనే పెట్టింది. "మరియమ్మా, బకిల్ ఇంకో చిల్లు బిగించు."

"వేలు దూరదమ్మా."

"దూరకూడదు."

సాంబయ్య కంగారుపడి, "తులశా, నువ్వెందుకు, నేను కడతాగా" అని వంగాడు. ఆయన చెయ్యి విసిరికొట్టింది.

"నువ్వు ముట్టుకోకు. నువ్వు కడితే ఎగ్గొట్టింది నువ్వవుతావు. మొక్కిందీ నేనే, ఎగ్గొట్టేదీ నేనే. ఆమెకి కోపమొస్తే నన్ను చూసుకుంటది."

నేను బకిల్ బిగించా. నా చేత్తో నేను కుట్టిన కాలర్, వేలు దూరకుండా. మేక ఒకసారి తల విదిలించి ఊరుకుంది. తులశమ్మ లేచి, కొంగు దులుపుకుని, ఉన్ని లైనింగ్‌ది కూడా తీసుకుంది. "పుండు మానాక ఇది వేస్తా" అంది. ఇద్దరూ వెళ్ళిపోయారు. ముందు ఆమె, వెనక మేక, దాని వెనక ఆయన.

కొలుపులో పోతుని వెనక్కి పంపారు. మరియమ్మ కాలర్ మెడలు కోస్తుందన్న మాట చుట్టుపక్కల పల్లెలకి పాకింది. ఆ ఎండాకాలం నా వాకిట్లోకి వచ్చిన కుక్క టైగర్ ఒక్కటే. అసలు సంగతి చెబితే నా పని నిలబడేది, తులశమ్మ ఊళ్ళో నిలబడేది కాదు. నోరు మూసుకున్నా.

మరుసటేడు సాంబయ్య ఒక్కడే వచ్చాడు, మేకకి మెడ లావైందని కొత్త దారంతో.

"అమ్మగోరు బాగున్నారా?" అని అడిగా.

"బాగానే ఉంది. ఇల్లే బాగాలేదు. నేను దగ్గితే ఆమె మేక వంక చూస్తది. ఆమె తుమ్మితే నేను చూస్తా. అది మా ఇద్దర్నీ చూస్తది. ఆ పూట మేం చేసింది మంచో చెడో నువ్వైనా చెప్పు మరియమ్మా."

"నాకూ తెలీదయ్యా" అన్నా. మా చర్చి అయ్యగారిని కూడా అడిగా. ప్రార్థన చెయ్యమన్నారు గాని, ఆయన కోసమా, ఆమె కోసమా, ముత్యాలమ్మకి కోపం రాకూడదనా అన్నది చెప్పలేదు. మూడోది అడిగితే అయ్యగారికే కోపం వచ్చేట్టుందని ఊరుకున్నా.

ఈ పనిలో దిగాలనుకునేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒక్కటే. దారం చూసి కాలర్ కుట్టొద్దు. జీవాన్ని తీసుకురమ్మనండి. ఎందుకు వేస్తున్నారో అడగండి. ఇంట్లో వాళ్ళందరిదీ ఒకే మాటేనా అని కూడా అడగండి, తిట్టినా సరే. ఆ తర్వాత నేను అలాగే చేశా. బకిల్ బిగించి తప్పు చేశానా అంటే, ఎన్నిసార్లు ఆలోచించినా ఒకసారి ఔననిపిస్తుంది, ఒకసారి కాదనిపిస్తుంది.

ఆ రోజు మా వాకిట్లో ఉన్నవాళ్ళు: మా అత్త శాంతమ్మ, కాంపౌండరు రామ్మూర్తి గారు, ఆయన కుక్క టైగర్, సాంబయ్య, తులశమ్మ, బుడ్డోడు, నేను.