వంటింట్లో వాయించిన పాట

పై వరస పళ్లన్నీ తీయించుకున్నాక అద్దాలాయన ఏడు నెలలపాటు వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఒకే పాటను సాధన చేశాడు.

ఆయన ఫొటో ఫ్రేముల దుకాణంలో గాజు పలకలు కోస్తాడు. గాజు మీద గీత పడే చప్పుడు విని పలక తిన్నగా విరుగుతుందో లేదో చెప్పేయగల చెవి ఆయనది. సెలవు రోజుల్లో బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే బ్యాండు. దాన్ని నడిపేది భార్య అన్న. కీబోర్డు ముందు నిలబడి, ఎవరు ఎప్పుడు అందుకోవాలో గడ్డం ఆడించి చెబుతుంటాడు. బావ గడ్డం చూసి వాయించడం అలవాటైపోయి, ఇంట్లో భోజనాల దగ్గర ఆయన గడ్డం గోక్కున్నా అద్దాలాయన ఊపిరి బిగబట్టేవాడని భార్య నవ్వేది.

క్లారినెట్ మూతి పై పళ్ల ఆసరాతోనే నోట్లో నిలుస్తుంది. కట్టుడు పళ్లు పెట్టించుకున్న మొదట్లో ఊదబోతే వాద్యం కంటే ముందు పళ్లసెట్టు కదిలేది. వచ్చిన శబ్దం కీచుమనేది. పక్కవాటా వాళ్లు ఏమనుకుంటారోనని భార్య వంటింటి తలుపు దగ్గరికి లాగేసేది. "కొత్త పళ్లు కొత్త కోడలి లాంటివి బావా, ఇంట్లో కుదురుకోవడానికి కొన్నాళ్లు పడుతుంది" అని బావ హాస్యమాడాడు. మూడో నెలకు కీచు తగ్గింది. అయిదో నెలకు పాట చివరిదాకా వచ్చింది. ఏడో నెలలో ఒక రోజు ఎక్కడా తడబడకుండా వచ్చింది. ఆ రోజు ఆయన ఎవరికీ చెప్పలేదు. క్లారినెట్ తుడిచి పెట్టెలో పెట్టి, ఒక గ్లాసు నీళ్లు తాగి పనికి వెళ్లాడు.

ఆసుపత్రికి అంబులెన్సు కొనడానికి విరాళాల కార్యక్రమం పెట్టారు. ఆదివారం పొద్దున, బడి మైదానంలో. బ్యాండువాళ్లు ఉచితంగా వాయిస్తామన్నారు. పాట మధ్యలో వచ్చే సోలో, అంటే మిగతావాళ్లంతా ఆగిపోయి క్లారినెట్ ఒక్కటే నడవాల్సిన భాగం, నీదేనని బావ మాట ఇచ్చాడు. అద్దాలాయన భార్యతో ఒకే మాటన్నాడు. ఆ రోజు సరిగ్గా వాయించగలిగితే బ్యాండులో ఉంటాడు, లేకపోతే తనంతట తనే తప్పుకుంటాడు, ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆవిడ సరేనంది. సరేనన్నప్పుడు చేటలో బియ్యం ఏరుతోంది, తల ఎత్తలేదు.

మైదానంలో తొమ్మిదింటికే ఎండ ముదిరింది. గాలికి నోట్సు కాగితాలు ఎగిరిపోకుండా అందరూ బట్టల క్లిప్పులు పెట్టుకున్నారు. బంగారు బొత్తాల నీలం బ్యాండు కోటు లోపల చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఎండకు క్లారినెట్ వేడెక్కితే శ్రుతి పైకి పోతుంది. అందుకని అద్దాలాయన పైముక్కను గోరంత బయటికి లాగి పెట్టుకున్నాడు. అయినా ఎంతో కొంత పోతుంది. ఆరుబయట అది తప్పదు. తన ముందున్న మైకు ఒకసారి చూడమని సౌండతన్ని అడిగాడు. అతను బావ వైపు చూసి, "మీది చూసేశాం అన్నా" అన్నాడు.

మొదటి రెండు పాటలు అందరూ కలిసి వాయించేవి. డ్రమ్ముల హోరులో ఎవరి శబ్దం వాళ్లకే వినపడలేదు. మూడోది ఆ పాట. బావ గడ్డం ఆడింది. అందరూ ఆగారు. అద్దాలాయన ఊదాడు.

స్పీకర్లలోంచి వచ్చిన శబ్దం నిండుగా, గుండ్రంగా ఉంది. పళ్లు తీయించుకోకముందు ఎలా ఉండేదో అచ్చం అలా. పాట మొదటి వరస సాగినంతసేపు ఆయనకు ఒళ్లు తెలియలేదు. ఏడు నెలల కష్టం ఊరికే పోలేదనుకున్నాడు. వేదికకు దగ్గరగా వేసిన కుర్చీల్లో భార్య కూర్చుని ఉంది. ఆవిడ వైపు చూడాలనిపించింది కానీ, వాయించేటప్పుడు చూపు కదపకూడదు.

పాట రెండో వరసలో చెవికి తేడా తెలిసింది. దవడ ఎముకలోంచి లోపలికి వినపడే స్వరం ఎండకు ఒక వెంట్రుకవాసి పైకి పోయింది. స్పీకర్లలోది పోలేదు. ఉండాల్సిన చోటే ఉంది.

మూడో వరస సగంలో స్పీకర్లలో ఊపిరి తీసుకున్న చప్పుడు వినపడింది. ఆయన ఊపిరి తీసుకోలేదు. అక్కడ తీసుకోకూడదు, తీసుకుంటే వరస విరుగుతుంది. తన జన్మలో ఒక్కసారే అక్కడ ఊపిరి తెగింది. పళ్లు తీయించుకోవడానికి వెళ్లబోయే పొద్దున, వంటింట్లో, అదే స్టూలు మీద. "ఒక్కసారి వాయించండి, గుర్తుగా ఉంటుంది" అని భార్య ఫోను పట్టుకుని ఎదురుగా నిలబడింది. సగంలో ఆయన ఆగి, ఊపిరి తీసుకుని మళ్లీ అందుకున్నాడు. ఆ రికార్డు ఆవిడ ఫోనులో తప్ప ఇంకెక్కడా లేదు.

అద్దాలాయన క్లారినెట్‌ను పెదాల మీంచి తీశాడు.

పాట సాగుతూనే ఉంది.

డ్రమ్ముల అతను తన డ్రమ్ము వంక చూసుకుంటున్నాడు. బావ గడ్డం రెండుసార్లు పైకి లేచింది, పెట్టుకో పెట్టుకో అన్నట్టు. భార్య తల వంచుకుని చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. జనంలో చాలామంది కళ్లు మూసుకుని వింటున్నారు. ఎవరూ గమనించలేదు. ఆయన క్లారినెట్ మళ్లీ నోట పెట్టుకున్నాడు. వేళ్లు కదిపాడు. ఊదలేదు. చప్పట్లు చాలాసేపు మోగాయి.

వేదిక వెనక్కి వచ్చాక తన మైకు తీగ ఎటు పోయిందో చూశాడు. తివాచీ కింద చుట్ట చుట్టి పెట్టి ఉంది, దేనికీ తగిలించలేదు. బావ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఎండా గాలీ బావా, ఎవరు వాయించినా నమ్మకం లేదు. నలుగురూ మంచి పనికి వచ్చిన రోజున అల్లరైతే ఎలా? అయినా అందులో వాయించింది ఇంకెవరో కాదుగా, నువ్వేగా."

అద్దాలాయన ఆ చెయ్యి తీసి పక్కన పెట్టాడు. తడిగుడ్డతో గొంతు కోయడమనే మాట చిన్నప్పటి నుంచీ వింటున్నదే. ఆ గుడ్డ తన ఇంటి దండెం మీదే ఆరుతోందని ఎప్పుడూ అనుకోలేదు.

భార్య నీళ్ల సీసా పట్టుకుని వచ్చింది. ఆయన అందుకోలేదు.

"నలుగురిలో మీరు చిన్నబోకూడదనే ఇచ్చానండీ" అంది.

"ఏడు నెలలు వాయించాను. ఎలా ఉంది?"

ఆవిడ సీసా మూత బిగించింది. "తలుపు వేసి ఉండేది కదండీ" అంది.

ఇద్దరూ బస్సెక్కారు. ఎప్పుడూ ఒళ్లో పెట్టుకునే క్లారినెట్ పెట్టెను ఆయన ఇద్దరి మధ్యా సీటు మీద పెట్టాడు. ఇంటికి రాగానే ఆ రికార్డు తీసేయమన్నాడు. ఆవిడ ఫోను చేతిలోకి తీసుకుని తటపటాయించింది. పళ్లున్నప్పటి వాయింపు అదొక్కటే మిగిలిందనీ, పోతే మళ్లీ రాదనీ బతిమాలింది. తర్వాత అసలు సంగతి చెప్పింది. తీసేసినా లాభం లేదు, అన్నయ్య దగ్గర కూడా ఉంది. వచ్చే నెల కార్యక్రమంలో కూడా అదే వాడదామన్నాడు.

"మరి నేనెందుకు?"

"ఎవరో ఒకరు నిలబడాలి కదా" అనేసి, ఆవిడ నాలుక కరుచుకుంది.

అద్దాలాయన కోటు విప్పాడు. జేబులోని రుమాలు, పళ్లసెట్టు డబ్బీ తీసుకున్నాడు. దుకాణంలో గాజు పలకలు చుట్టినంత జాగ్రత్తగా కోటును మడిచి పాత పేపర్లో చుట్టాడు, మూలలు లోపలికి నొక్కి తాడు కట్టాడు. పొట్లం భార్య చేతికిచ్చాడు.

"మీ అన్నయ్యకి ఇవ్వు. ఎవరికైనా సరిపోతుంది."

ఆవిడ పొట్లం పట్టుకుని నిలబడింది. ఆయన వంటింట్లోకి వెళ్లి స్టూలు లాక్కున్నాడు. క్లారినెట్ ముక్కలు ఒక్కొక్కటే బిగించాడు. గోరంత బయటికి లాగిన పైముక్కను మళ్లీ లోపలికి నెట్టాడు, ఇక్కడ ఎండ లేదు. నోట్లో పెట్టుకుని తడిపిన రీడును, ఆ పల్చటి రెల్లు ముక్కను, మూతికి కట్టాడు.

అలవాటు కొద్దీ ఆవిడ చెయ్యి తలుపు రెక్క మీదికి వెళ్లింది.

"వేయకు" అన్నాడు. "అక్కడే ఉండు."

పక్కవాటాలో ఎవరో గిన్నెలు కడుగుతున్నారు. ఆవిడ గడప అవతలే ఆగిపోయింది. ఆయన పళ్లసెట్టును బొటనవేలితో పైకి నొక్కి సర్దుకుని, ఊపిరి పీల్చి, పాట మొదటి నుంచి అందుకున్నాడు. రెండో వరసలో ఒకసారి కీచుమంది. మూడో వరస సగం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ తల ఎత్తి ఆయన నోటి వైపు చూసింది. ఆయన ఆగలేదు.