పోలరాజు బుర్రకు మూడు షిఫ్టులు

2004 జూన్ ఎనిమిది, మంగళవారం. జంషెడ్‌పూర్‌లో ఉదయం నుంచే ఉక్కపోత. చొక్కా తీగమీదకన్నా ఒంటిమీదే ఎక్కువ తడిసివుండే రోజు. ఆ ఊళ్లోనే సీతారామ్‌డేరా పేటలో ఉండే పోలరాజుకు గుండె ఆపరేషన్.

పోలరాజు ఉక్కు కొలిమి మీటర్లు చూస్తూ ఉద్యోగ విరమణ చేసినవాడు. డాక్టర్ రమాదేవి అతని నుదుట రెండు పట్టీలు అంటించి, మెదడుకందే ఆక్సిజన్ ఎంతో తెరమీద తెలుస్తుందన్నది.

"సూసీవోడికి రిలీవరున్నాడా అమ్మా?" అన్నాడతడు.

కొలిమి దగ్గర ఆచారమది: తరువాతి షిఫ్టువాడు, అంటే రిలీవరు, వచ్చి "చార్జి తీసుకున్నా" అనేదాకా మీటరు విడవరాదు. ఆమె బదులిచ్చేలోగా మత్తు కమ్మేసింది.

గుండె కుదుటపడింది. జ్ఞాపకం మాత్రం మసకబారింది. ఆపరేషన్ మధ్యలో తెరమీది ఆక్సిజన్ అంకె కాసేపు దిగి లేచిందనీ, ఈ వయసులో కొందరికిలా అవుతుందనీ, కారణం ఇదేనని తేల్చలేమనీ డాక్టరు చెప్పింది. పోలరాజు తేల్చేశాడు: షిఫ్టు మారేవేళ తన బుర్ర చార్జి ఎవరూ తీసుకోలేదు!

ఇక ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని నుదురు చూస్తే తప్ప కన్ను మూయడు. ఉదయం భార్య తవిటమ్మ, మధ్యాహ్నం పొరుగింటి పైడిబాబు, సాయంత్రం పైడిబాబు తల్లి నూకమ్మ.

"సబ్ నార్మల్ హై, చాచా," అనేవాడు పైడిబాబు, పేపరు మీంచి తలెత్తకుండానే.

నూకమ్మ కునికితే పోలరాజు గద్దించేవాడు: "డూటీలో కునుకేటి?"

"నీ నుదుటిమీద టీవీ వత్తందేటి బావా, కళ్లప్పగించి సూడ్డానికి!"

తవిటమ్మకు నవ్వు రాలేదు. మరచుట సకర్మక క్రియ అని బడిలో చెబుతాం. ఆ కర్మ ఎదుట నిలబడి పప్పు వడ్డిస్తూవుంటుందని చెప్పం. పెళ్లయిననాటి నుంచి వీధి గుమ్మంలోనే "తవిటీ!" అని కేకవేసే మనిషి ఇప్పుడామెను "రిలీవర్" అంటున్నాడు.

ఒకనాడామె కుర్చీ ఎక్కక నిలబడింది. "నా పేరేటో సెప్పు. అప్పుడే చార్జి."

"తరవాత షిఫ్టుకి సెప్తాను," అన్నాడతడు. ఆమె కళ్లు తుడుచుకుని చార్జి తీసుకున్నది.

మూడేళ్లు గడిచాయి. కూతురు దేవి పురిటికని తవిటమ్మ విజయనగరం వెళ్లింది. అక్కడికొక ఉత్తరం వచ్చింది.

"తవిటీ,

పొద్దున్న బియ్యం కడుగుతుంటే నీ పేరు నోట్లోకొచ్చీసింది. ఎవులూ సెప్పనేదు. మళ్లీ పోద్దేమోనని ముందు పేరు రాసి, తరవాత ఎసరెట్టినాను. పైడిబాబూ నూకమ్మా డూటీకి రావటం మానీసినారు. నా బుర్ర చార్జి నాకాడే ఉంది. నువ్వొచ్చీదాకా కదల్ను. బేగి వచ్చీ.

పోలరాజు"